‘వావ్’ అను మాట

శ్రోత ఒకరు మాకు లేఖ వ్రాసిరి. “రాత్రి వినిపించిన వీణ కచ్చేరి ఒక వావ్” – అందు ఉన్నది ఆ ఒక్క వాక్యమే. మేము సంతసించితిమి. లేఖ చూచిన మా ఇంజనీరుగారి ముఖము మాత్రము చిన్నబోయినది. “అది పాత రికార్డు కదా, ఏ కృతి దగ్గర?” అని వారడిగిరి.

ఒకే మాట మాకు మెప్పుగను, వారికి ఫిర్యాదుగను తోచినది. ఇందుకు కారణము లేకపోలేదు.

ఈ మాట పుట్టిల్లు స్కాట్లండు. గావిన్ డగ్లస్ 1513లో ముగించిన వర్జిల్ కావ్యానువాదమున ఇది కానవచ్చును. చిరకాలము ఇది మన ‘ఔరా’ వలె అప్రయత్నముగా నోట వెలువడు శబ్దము మాత్రమే. 1920 ప్రాంతమున అమెరికాలో దీనికి నామవాచకపు హోదా దక్కినది. నాటకము జనులను ఉర్రూతలూపినచో అది ‘ఎ వావ్’. అనగా అఖండ విజయము. పిదప అది క్రియ కూడ అయి, సభను ముగ్ధము చేయుట అను అర్థమున చెల్లినది. అయినను ఇది చనవు మాట. మిత్రునితో అనవచ్చును గాని ఉద్యోగపు దరఖాస్తులో వ్రాయరాదు.

తెలుగున ‘ఔరా’కు ఈ పదోన్నతి లేదు. “కచ్చేరి ఒక ఔరా” అనము; “ఔరా అనిపించినది” అందుము. అనువాదకులు వెంటనే ‘అద్భుతము’ అని వేయుదురు. ప్రతిదినము వాడి వాడి ఆ మాటను మనము చవక చేసితిమి. ‘అబ్బురము’ మేలని మా అభిప్రాయము.

ఇక ఇంజనీరుగారి వావ్. నిమిషమునకు 78 సార్లు తిరుగు గ్రామఫోను పలకకు నడిమి రంధ్రము రవ్వంత పక్కకు జరిగినదనుకొనుడు. ప్రతి చుట్టునకు ఒకమారు స్వరము హెచ్చి తగ్గును. మెల్లగా సాగు ఈ ఊగుకే వావ్ అని పేరు. వేగముగా వణకినచో ఫ్లట్టరు. ఊగు శ్రుతిని అనుకరించిన పేరే ఇది. పియానోలో ఈ దోషము ఇట్టే పట్టుబడును. మన సంగీతమున స్వరమును ఊపుటయే గమకము గదా! ఊపినది విద్వాంసుడో యంత్రమో తేల్చుట సులభము కాదు. తేల్చనిచో దోషమును విద్వత్తని మెచ్చుకొందుము, లేదా విద్వత్తును దోషమని దిద్దబోవుదుము.

రేడియోతో ఈ మాటకు మరియొక చుట్టరికము కలదు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని ‘బిగ్ ఇయర్’ రేడియో దూరదర్శినికి ఆకాశమునుండి 72 సెకనులపాటు బలమైన సంకేతమొకటి అందినది. కొన్ని దినముల పిదప ఆ కాగితము చూచిన జెర్రీ ఎహ్మన్ ఎఱ్ఱ సిరాతో ప్రక్కన ‘వావ్!’ అని వ్రాసెను. ఆ సంకేతమునకు అదియే పేరైనది. అది మరల వినబడలేదు.

ఇంజనీరుగారు రికార్డును మొదటినుండి తుదివరకు మరల వినిరి. పలక తిరుగుటకును స్వరము ఊగుటకును పొంతన కుదరలేదు. ఊగినది వైణికుని వ్రేలే.