బ్రామ్లీ ఆపిల్ జన్మవృత్తాంతం

ఇంగ్లాండు దేశంలోని నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతంలో సౌత్‌వెల్ అనే చిన్న పట్టణం ఉంది. 1809వ సంవత్సరంలో ఆ ఊరిలో ఒక ఇంటి పెరటియందు మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే బాలిక కొన్ని ఆపిల్ గింజలు నాటింది. వానిలో ఒక మొలక మహావృక్షమై నిలిచింది. వంటకు ఉపయోగించే ఆపిళ్లలో బ్రిటిష్ వారు అగ్రస్థానమిచ్చే బ్రామ్లీ జాతికి ఆ చెట్టే తల్లి.

అయితే నాటిన బాలిక పేరు ఆ ఫలానికి దక్కలేదు. ఆమె వివాహమై ఆ ఇల్లు విడిచి వెళ్లింది. 1846లో మాథ్యూ బ్రామ్లీ అనే మాంసవిక్రేత ఆ ఇంటిని కొన్నాడు. పదేళ్ల తరువాత హెన్రీ మెర్రీవెదర్ అనే పదిహేడేళ్ల యువకుడు ఆ కాయలను చూచి ముగ్ధుడై, అంటు కట్టుకోవడానికి కొమ్మలిమ్మని అర్థించాడు. బ్రామ్లీ సమ్మతించాడు, కాని ఆ పండు తన పేరుతోనే చెలామణి కావాలని నియమం విధించాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం లోకంలో ఉన్నదే. ఇక్కడ చెట్టుకే నాటనివాని పేరు స్థిరపడింది! 1876లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో ఈ జాతి విశేష ప్రశంస పొందింది. మేరీ ఆన్ అంతకు చాలా ముందే గతించింది.

బ్రామ్లీ కాయ పెద్దది, కొంచెం చదునైనది. ఆకుపచ్చని తొక్కపై అక్కడక్కడ ఎరుపు జీర కనిపిస్తుంది. శరదృతువులో, అక్టోబరు నెలలో కోతకు వస్తుంది. చల్లని చోట భద్రపరిస్తే వసంతం దాకా నిలుస్తుంది. పచ్చిగా కొరికినవారు మాత్రం రెండవసారి కొరకడానికి సాహసించరు; అంతటి పులుపు. ఉడికించినప్పుడే దాని మహిమ తెలుస్తుంది. తీపి ఆపిళ్లను ఉడికిస్తే ముక్కలు ముక్కలుగానే ఉండి రుచి చప్పబడుతుంది. బ్రామ్లీలో మాలిక్ ఆమ్లం అధికం, చక్కెర తక్కువ. అందువలన అది నురుగువలె మెత్తబడినా రుచిని కోల్పోదు.

దీని గింజ నాటితే మరల బ్రామ్లీ రాదు. ఆపిల్ గింజలో రెండు వృక్షాల గుణాలు కలసి ఉంటాయి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయలే కాస్తాయన్న నమ్మకం లేనట్లే ఇదీను. అందుకే అంటుకట్టు తప్పనిసరి. పైగా సాధారణమైన ఆపిల్‌లో 34 క్రోమోజోములుండగా బ్రామ్లీలో 51 ఉంటాయి. మూడు సమితులుగా ఉన్న ఆ క్రోమోజోములు సమంగా విడిపోలేవు గనుక దాని పుప్పొడి ఇతర చెట్లకు పనికిరాదు. రైతు దానికి తోడుగా మరి రెండు జాతులను నాటితేనే తోటంతా కాస్తుంది. ఒకటి బ్రామ్లీకి పుప్పొడినిస్తే, ఆ ఒకదానికి రెండవది ఇవ్వాలి.

తల్లి చెట్టు 1900లో గాలివానకు కూలిపోయింది. నేలకు ఒరిగిన భాగం నుండే మరల చిగిర్చి కాయలు కాచింది. తరువాత హనీ ఫంగస్ అనే శిలీంధ్రం దాని వేళ్లకు పట్టింది. ఆ తెగులుకు మందు లేదు. చెట్టు నశించినా జాతి నశించకూడదని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1990వ దశకంలో దాని కణజాలాన్ని ప్రయోగశాలలో వర్ధనం చేసి మొక్కలను సృష్టించారు. అంటుకట్టినప్పుడు పైకొమ్మ మాత్రమే బ్రామ్లీ, వేరు మరొక చెట్టుది. ఈ మొక్కలు మాత్రం మేరీ ఆన్ నాటిన గింజ వలెనే తమ వేళ్లపైన తాము నిలిచినవి.