పనిని పరిశీలించే విద్య

వికలాంగుడైన యువకునికి ఉపాధి చూపవలసి వచ్చినప్పుడు ముందుగా అతని అవయవ లోపాన్ని అంచనా వేసి, ఆపైన దానికి తగిన పనిని వెదకడం సహజమనిపిస్తుంది. వృత్తి పునరావాస సలహాదారు శిక్షణలో మొదట మానుకోవలసిన అలవాటు ఇదే. పనికి ఏమి కావాలో తెలియనప్పుడు మనిషిని ఎంత జాగ్రత్తగా పరీక్షించినా ప్రయోజనం స్వల్పం.

మన దేశంలో కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యాన 1968లో హైదరాబాదు, బొంబాయి నగరాలలో వృత్తి పునరావాస కేంద్రాలు వెలిశాయి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం వృత్తి సలహాదారులను పునరావాస నిపుణులలో ఒక వర్గంగా గుర్తించింది.

ఉద్యోగ విశ్లేషణ అనగా ఒక పనిని అందులోని చిన్న చిన్న క్రియలుగా విడదీసి, ఒక్కొక్క క్రియ శరీరాన్నీ బుద్ధినీ ఏమి కోరుతున్నదో నమోదు చేయడం. ఇది పని జరిగే చోట నిలబడి నేర్వవలసిన విద్య. దర్జీ పనిని తీసుకుందాం. కుట్టుమిషను ప్రక్కన కూర్చున్న అభ్యాసి తన పత్రంలో ‘రెండు కాళ్లూ అవసరం’ అని వ్రాసుకుంటాడు. అనుభవజ్ఞుడు అడిగే ప్రశ్న ఒక్కటే: కుడుతున్నది కాళ్లా, చేతులా? కాళ్లు చక్రాన్ని త్రిప్పుతున్నవి, అంతే. చేతితో త్రిప్పే మిషను ఇస్తే సరిపోతుందని అభ్యాసి తొందరపడవచ్చు. కాని గుడ్డను నడిపించవలసిన చేయి అక్కడ చక్రానికి చిక్కుకుంటుంది, పని మందగిస్తుంది. మోటారు అమర్చినచో ఒక పాదంతో మెల్లగా నొక్కితే చాలును. కూర్చుని చూసినంత మాత్రాన ఇది తట్టదు. పనివానిని ప్రశ్నించాలి, మేస్త్రీని విచారించాలి, వీలైతే తానే కొంతసేపు కుట్టి చూడాలి. దుకాణదారు సాధారణంగా చెప్పేది పని స్వభావాన్ని కాదు, తనకు అలవాటైన పద్ధతిని.

వికలాంగులకు అనువైన కేంద్ర ప్రభుత్వ కొలువులను గుర్తించడంలోనూ ఈ పద్ధతే కనిపిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ననుసరించి 2021 జనవరిలో ప్రకటించిన జాబితాలో 3,566 కొలువులున్నవి. కూర్చోవడం, నిలబడడం, వంగడం, బరువెత్తడం, వ్రేళ్లతో పనిచేయడం, చూడడం, వినడం వంటి అవసరాలు ఒక్కొక్క కొలువుకు విడివిడిగా సూచింపబడినవి. జాబితా ఉపయోగకరమే, సందేహం లేదు. అయితే అది కొలువు పేరును చెప్పగలదు గాని ఫలానా గదిలో బల్ల ఎత్తును చెప్పలేదు. ఆ కొలత సలహాదారే తీసుకోవాలి. బల్ల ఎత్తు తగ్గించడం, పరికరం మార్చడం వంటి సముచితమైన సర్దుబాట్లకు అదే చట్టం ప్రభుత్వ సంస్థలను బాధ్యులను చేసింది. దేనిని సర్దవలెనో తేల్చేది విశ్లేషణ పత్రం.

ఒక దుకాణానికి వ్రాసిన పత్రం ప్రక్క దుకాణానికి చెల్లుతుందన్న నమ్మకం లేదు. అక్కడ ఇస్త్రీ బల్ల మేడమీద ఉండవచ్చును. అప్పుడు మెట్ల సంఖ్య కూడా పత్రంలోకి ఎక్కుతుంది.