మొద్దుల చాటున కొర్రమీను

బిలాస్‌పూర్‌లో చలి తగ్గగానే గాలాలు బయటికొస్తాయి. అమెరికా 'బాస్'కు దీటైన చేప ఇక్కడే ఉంది. దాన్ని మిగుల్చుకునే ఆలోచనే కొరవడింది

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని తెలుగు నానుడి. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఆ లెక్క పెద్దగా తప్పదు. బిలాస్‌పూర్‌లో స్వెట్టర్లు పెట్టెల్లోకి చేరే రోజుల్లోనే గాలాలు బయటపడతాయి. సెలవు దొరికితే దారి రతన్‌పూర్ వైపు. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆ పాత రాజధాని దాటితే ఖారంగ్ నదిపై బ్రిటిష్ హయాంలో కట్టిన ఖూటాఘాట్ జలాశయం వస్తుంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి తాలూకు చెట్ల మొద్దులు నీళ్లలో మిగిలిపోయాయి. ఆ 'ఖూంటా'ల వల్లే ఆ పేరు వచ్చిందంటారు. పడవకు, వలకు మొద్దులు అడ్డం. పొంచి ఉండి వేటాడే చేపకు మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు.

ఆ వేటగాడు కొర్రమీను. ఈ రైల్వే పట్టణానికి ఆ తెలుగు పేరు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు ఇక్కడ స్థిరపడ్డారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ ఊరి నుంచి విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్ నేటికీ వారికి సొంతూరి దారి. బజారులో హిందీవారు 'సౌల్' అనే చేప వారి వంటింట్లో కొర్రమీనే. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపప్రసాదంగా మింగేదీ దీని పిల్లనే.

అమెరికాలో ఇదే స్థానం లార్జ్‌మౌత్ బాస్‌ది. వసంతారంభంలో సరస్సు నీరు వేడెక్కుతుంటే, గుడ్లు పెట్టే ముందు ఆకలితో ఒడ్డుకు చేరే బాస్ కోసం అక్కడ జనం పడవలతో బయల్దేరతారు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన సుమారు పది కిలోల బాస్ రికార్డు 77 ఏళ్లు నిలిచింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిటా దాన్ని సమం చేశారు. అయితే జపాన్‌కు బాస్ వలస చేప. స్థానిక చేపలను తినేస్తోందని 2005లో అక్కడ దాని తరలింపు, పెంపకాలపై ఆంక్షలు పెట్టారు. అమెరికాకూ అలాంటి అనుభవమే ఎదురైంది. 2002లో మేరీలాండ్‌లోని ఒక చెరువులో కొర్రమీను జాతికి చెందిన ఆసియా చేప బయటపడగానే అక్కడ కలకలం రేగింది. ఒకచోట ఆట అయిన చేప మరోచోట బెడద.

రెండు చేపల వేటలోనూ పోలిక ఉంది. కొర్రమీను నీటిలోని ఆక్సిజన్‌తో సరిపెట్టుకోలేదు. గాలి పీల్చడానికి పైకి వస్తుంది. నాచు మధ్య లేచే ఆ బుడగే దాని చిరునామా. పూర్వం బతికున్న కప్పనో చిన్న చేపనో గాలానికి గుచ్చేవారు. ఇప్పుడు రబ్బరు కప్ప వచ్చింది. ముళ్లు పైకి తిరిగి ఉండడంతో నాచులో చిక్కుకోదు. నీటి మీద గెంతించుకుంటూ లాగితే చేప ఒక్కసారిగా ఎగిరిపడుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. బాస్‌లాగే కొర్రమీనూ పిల్లల్ని కాస్తుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా తేలితే కిందే పెద్ద చేప ఉన్నట్టు. దగ్గరికొచ్చిన దేనిమీదైనా అది దూకుతుంది కాబట్టి పట్టడం తేలిక. కాపలా పోయిన గుంపును మిగతా చేపలు మిగలనివ్వవు. ఒక్క చేపతో వందల పిల్లలు పోతాయి.

చట్టం రక్షణ ఇక్కడికి పూర్తిగా చేరదు. రాష్ట్రంలో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు వేట నిషేధం. కానీ నదులు, వాగులతో సంబంధం లేని చిన్న చెరువులకు మినహాయింపు ఉంది. కొర్రమీను ఇష్టపడేది అలాంటి లోతు తక్కువ నీటినే. పైగా వానాకాలం ప్రధాన సీజన్ అయినా, నీరు నిలిచే చోట మిగతా నెలల్లోనూ అది గుడ్లు పెడుతుంది. చెరువుల్లో వదిలేది ఎక్కువగా బొచ్చె, రోహు, మృగాల పిల్లల్ని. వాటిని తినే కొర్రమీనును ఏరిపారేయాల్సిన చేపగానే పెంపకందారులు చూస్తారు. బజారులో మాత్రం ధర దానికే ఎక్కువ.

అర్పా నది వేసవిలో ఎండిపోతుంది. బిలాస్‌పూర్ దాహం తీర్చేందుకు అమృత్ పథకం కింద ఖూటాఘాట్ నీటినే ఆశ్రయించారు. నీరు తగ్గేకొద్దీ చేప మడుగుల్లో గుమికూడి సులువుగా దొరుకుతుంది. అమెరికాలో న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో వసంతంలో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలాల్సిందే. ఇక్కడ అలాంటి నియమం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పిల్లల గుంపు కనిపించిన చోట గాలం పైకి తీస్తే చాలు. మొద్దులు ఎలాగూ ఉంటాయి. వాటి చాటున చేప ఉండడమే ముఖ్యం.