బకారా ఎలా ఆడతారు? ఆడేది మీరు కాదు!

లోనా-బయటా తెలుసు కదా. ఒక ముక్క తెరిచి పెడతారు. అదే నంబరు ముక్క లోన పడుతుందా, బయట పడుతుందా అని పందెం. సంక్రాంతి బరుల పక్కన చాప పరిచి ఆడే ఆట. ఇప్పుడు అలాంటిదే ఒకటి సూటూ బూటూ వేసుకుని ఫోన్లోకి వచ్చేసింది. చిట్టమూరులో రొయ్యల గుంట కాడ రాత్రి కాపలా కూర్చున్న కుర్రాడికి కూడా ‘లైవ్ డీలర్’ అమ్మాయి నవ్వుతూ ముక్కలు పంచుతోంది. ఆట పేరు బకారా.

ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న ఆట ఇది. 1953లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ నవల ‘కాసినో రాయల్’లో బాండ్ ఆడింది దీన్నే. 2006 సినిమాలో మాత్రం పోకర్‌గా మార్చేశారు. ఎందుకు మార్చారో గానీ, బకారాలో హీరో చూపించే తెలివంటూ ఏమీ లేదు. ఎలాగో చూడండి.

ఎనిమిది పేకలు, అంటే 416 ముక్కలు కలిపి ‘షూ’ అనే పెట్టెలో పెడతారు. బల్ల మీద రెండు చోట్లు: ‘ప్లేయర్’, ‘బ్యాంకర్’. ప్లేయర్ అంటే మీరు కాదు, బ్యాంకర్ అంటే కాసినో కాదు. లోనా, బయటా లాగా అవి ఉత్త పేర్లు. ఏ వైపు గెలుస్తుందో, లేదా రెండూ సమానం అవుతాయో (దాన్ని ‘టై’ అంటారు) ముందే పందెం కాయాలి.

రెండు వైపులా రెండేసి ముక్కలు పడతాయి. ఆసుకి ఒకటి. రెండు నుంచి తొమ్మిది దాకా ఎంతకంతే. పది, జాకీ, రాణి, రాజు సున్నా. కూడితే వచ్చిన దాంట్లో చివరి అంకె మాత్రమే లెక్క. ఏడూ ఎనిమిదీ పడితే పదిహేను కాదు, ఐదు. తొమ్మిదికి దగ్గరున్న వైపుది గెలుపు.

మొదటి రెండు ముక్కలకే ఏ వైపైనా ఎనిమిదో తొమ్మిదో వస్తే ఆట అక్కడితో సరి. లేకపోతే మూడో ముక్క. ప్లేయర్‌కి ఐదు, అంతకు లోపు ఉంటే తీస్తారు, ఆరు ఏడులకు ఆగుతారు. బ్యాంకర్ వైపు కొంచెం చిక్కు. ప్లేయర్‌కి రెండూ మూడూ పడి ఐదయింది అనుకోండి. మూడో ముక్క ఎనిమిది. మొత్తం పదమూడు, అంటే మూడు. బ్యాంకర్ దగ్గరా మూడే ఉంది. మామూలుగా మూడుకి ఇంకో ముక్క తీయాలి, కానీ ప్లేయర్ మూడో ముక్క ఎనిమిదైతే తీయకూడదని రూలు. కాబట్టి టై. ఈ పట్టికంతా కంఠతా పట్టినా మీకు ఒరిగేదేం లేదు. ఎందుకంటే ముక్క తీయాలా వద్దా అని మిమ్మల్ని ఎవరూ అడగరు. పందెం కాశాక మీరు ప్రేక్షకులే.

రమ్మీకి, దీనికి తేడా ఇదే. 1960లలో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం ఉందంది, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమంది. బకారాలో అయితే పారేయడానికీ దాచుకోవడానికీ చేతిలో ముక్కే ఉండదు.

ఇక అసలు లెక్క. వెయ్యి ఆటల్లో సుమారు 459 బ్యాంకర్‌వి, 446 ప్లేయర్‌వి, 95 టైలు. ‘అయితే ఎప్పుడూ బ్యాంకర్ మీదే కాస్తా’ అంటారా? అందుకే అక్కడ గెలిస్తే నూటికి ఐదు కమిషన్ పట్టుకుంటారు. అయినా సగటున నూటికి 1.06 రూపాయలు పోతాయి. ప్లేయర్ మీదైతే 1.24. టైకి ఒకటికి ఎనిమిది ఇస్తామని ఊరిస్తారు, అక్కడ పోయేది నూటికి 14 పైనే.

రూపాయే కదా అనిపిస్తుంది. అరనిమిషానికో ఆట. నూరు రూపాయల చొప్పున రాత్రి నాలుగు గంటలు ఆడితే 480 పందేలు, 48 వేలు చేతులు మారినట్టు. అందులో సగటున బ్యాంకర్ మీద ఐదొందల పైన పోతుంది. ఒక్కో ముక్కతో తేల్చేసే ‘డ్రాగన్ టైగర్’లో నూటికి 3.73 పోతుంది, అంటే అదే రాత్రికి దాదాపు 1,790 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పని రోజు కూలి 307. ఒక రాత్రి గెలవచ్చు, కాదనం. ఆ ఒక్క రాత్రే తర్వాత నెలంతా గుర్తుంటుంది, అదీ ఇబ్బంది.

‘పోయినప్పుడల్లా రెట్టింపు కాయి, ఎప్పుడో ఒకప్పుడు వచ్చేస్తుంది’ అనే సలహా ప్రతి ఊళ్లోనూ ఒకడు ఇస్తాడు. నూరుతో మొదలెట్టి వరసగా ఏడుసార్లు పోతే 12,700 పోయినట్టు. ఎనిమిదో పందెం 12,800. అది గెలిచినా మిగిలేది నూరే! స్క్రీన్ మీద ఎర్ర, నీలం సున్నాలతో పాత ఫలితాల చార్ట్ చూపిస్తారు కదా, దాంట్లో ‘ట్రెండ్’ వెతకడం కూడా ఇలాంటిదే. వచ్చే ముక్కకి ఆ సున్నాల సంగతి తెలీదు.

ఈ అంకెలన్నీ నిజాయితీగా పంచే బల్లకి. గోవాలో మాండవి నది మీదున్న కాసినో ఓడలకి లైసెన్సులున్నాయి. ఫోన్లోకి లింకు రూపంలో వచ్చే యాప్‌కి ఏముంది? 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2020లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడించే యాప్‌లన్నిటినీ ఆపమంది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అయినా నడుస్తున్నవాటికి డబ్బు కట్టే యూపీఐ ఐడీ పదే పదే మారుతుంటుంది. అవి చాలాసార్లు ఎవరో కుర్రాడు కమిషన్‌కి ఆశపడి అద్దెకిచ్చిన ఖాతాలు. పోలీసు కేసయితే ముందు ఫ్రీజయ్యేది ఆ ఖాతానే. ‘నీ పాస్‌బుక్, సిమ్ ఇవ్వు, నెలకింత ఇస్తా’ అని ఎవరైనా అడిగితే అది దానికే. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈరోజే బ్యాంకుకి వెళ్లి చెప్పండి. మోసపోయి డబ్బు పంపినవాళ్లు 1930కి ఫోన్ చేయండి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని ఖాతాలు దాటేస్తుంది.