తాళపుచెవి ఎవరి చేతిలో?

నైజాం రాజ్యమునుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరే కామాఠిపురకు నిలిచింది. అప్పటికీ ఇప్పటికీ రెండువందల యేండ్లు దాటినవి. ఇన్ని తరాల కాపురానికి మన యిండ్లలో మిగిలిన సాక్ష్యము భాడా పావతులు, రేషను కార్డులు, పగడీ కాగితాలు. పాత చాళ్ళను పడగొట్టి కొత్త భవనాలు కట్టే పని మ్హాడా చేపట్టిన యీ రోజులలో, ఆ కాగితము లేనివాడికి ఖోలీ మీద హక్కు చూపడమే కష్టము.

అందుకని మన కుర్రవాళ్ళు ఆ కాగితాలకు ఫొటోలు తీసి సంఘము తరఫున 'క్లౌడు'లో, అనగా పెద్ద కంపెనీల కంప్యూటర్లలో అద్దెకు తీసుకొన్న చోట, భద్రపరుద్దామంటున్నారు. మంచిదే. కాని ఆ గది తాళము మాట ముందు తేల్చుకోవాలి.

తాళములో రెండు ప్రశ్నలున్నవి. వచ్చినవాడు ఎవడు? వాడు ఏమేమి ముట్టవచ్చు? చాలు గుమ్మములో కాపలావాడు ఫలానావారి అబ్బాయి అని గుర్తుపట్టి లోనికి వదలుతాడు. అంతమాత్రాన అన్ని ఖోలీలూ ఆ అబ్బాయికి తెరుచుకోవు గదా! యీ రెండు పనులూ చూచే పరికరాలనే ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ అంటారు.

అమెజాన్ వారి పరికరము 2011లో వచ్చింది. వ్రాసి యివ్వని అధికారము అక్కడ లేనట్లే. ఒక్కచోట 'కూడదు' అని వ్రాస్తే, పదిచోట్ల 'సరే' అన్నా చెల్లదు. దీనికి వేరే రుసుము లేదు గాని, నియమాలు వ్రాయడానికి చేయి తిరిగినవాడు కావాలి.

గూగుల్ క్లౌడులో అధికారము పైనుండి క్రిందికి పారుతుంది. మేడమీది ట్యాంకులో కలిపిన మందు ప్రతి కొళాయిలోనూ వచ్చినట్లు, సంస్థ మొత్తముమీద యిచ్చిన అధికారము అడుగున వున్న ప్రతి ఫైలుకూ వర్తిస్తుంది. కనుక పైన యిచ్చేటప్పుడే చేయి బిగించాలి.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళగారు 2014 నుండి నడుపుతున్న మైక్రోసాఫ్ట్ వారిది 'ఎంట్రా ఐడి'. 2023 వరకు దీని పేరు 'యాజ్యూర్ యాక్టివ్ డైరెక్టరీ'. మనుషుల పట్టీ దీని బలము. కొత్త ఫోనునుండి వస్తే రెండవ ఋజువు అడగమనీ, ఫలానా చోటునుండి వస్తే ఆపమనీ షరతులు పెట్టవచ్చు. అయితే అలాటి షరతులు రుసుము కట్టినవారికే.

2009లో పుట్టిన ఓక్టా ఫైళ్ళు దాచే చోటు యివ్వదు. అది కాపలా మాత్రమే కాస్తుంది, ఎవరి యింటికైనా సరే. 2023లో ఆ కంపెనీ సహాయ విభాగపు ఫైళ్ళలోనే దొంగలు పడ్డారు. ఒక ఉద్యోగి కంపెనీ ల్యాప్‌టాపులో సొంత గూగుల్ ఖాతా తెరవగా, పని తాలూకు పాస్‌వర్డు అందులో చేరిందని వారే ప్రకటించారు. తాళములు అమ్మేవారి యింటి తాళపుచెవి కూడా సొంత జేబులోకి పోగలదు!

రెడ్‌హ్యాట్ వారినుండి 2014లో వచ్చిన కీక్లోక్ ఉచితము. కాని సర్వరు మనమే నడపాలి. దానముగా వచ్చిన ఆవుకు గడ్డి మనమే వేయాలి.

మా అభిప్రాయమేమంటే, చిన్న సంఘము ఓక్టా కొననక్కరలేదు. నమ్మకముగా చూచుకొనేవారు ఇద్దరైనా లేనిదే కీక్లోక్ జోలికి పోరాదు. కాగితాలు ఏ కంపెనీ చోట దాచితే ఆ కంపెనీ తాళమే చాలు. తాళముకంటె వాడుక ముఖ్యము. ఒకే పాస్‌వర్డు పదిమంది పంచుకోరాదు. ఎవరి పేరుతో వారే రావాలి, ప్రతివారూ రెండవ ఋజువు చూపాలి. ఫొటోలు ఎక్కించేవారికి చెరిపే అధికారము అక్కరలేదు. పై అధికారము ఒక్కరివద్దనే వుంటే ఆయనకు జబ్బుచేసిన నాడు అందరికీ తలుపు మూతపడుతుంది. కనుక ఇద్దరికి వుండాలి. పదవి దిగి కల్యాణ్‌కో, నవీ ముంబయికో తరలిపోయిన కార్యదర్శి ఎంత ఆప్తుడైనా, దిగిన రోజుననే అధికారము తిరిగి తీసుకోవాలి. అది ఆయనపై అనుమానము కాదు. ఆయన పేరుతో మరొకడు దూరి ఒక ముసలమ్మ పావతి మాయము చేస్తే, నింద ఆయనకు, నష్టము ఆమెకు.

ఫొటో వుందిగదా అని అసలు కాగితము పారవేయరాదు. ఏటేటా సర్వసభ్య సమావేశములో జమాఖర్చులు చదివి వినిపిస్తున్నాము. తాళపుచెవులు ఎవరెవరివద్ద వున్నవో ఆ పట్టీ కూడా అక్కడే చదవవలెనని మా మనవి.