పికప్ బండికి కొత్త బ్యాటరీ: కొనే ముందు ఏం చూడాలి, ఎలా బిగించాలి

ఇవాళ పికప్ బండ్ల బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. బొలెరో పికప్ అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా లెక్క ఒకటే. తెల్లారుజామున 3 గంటలకి టమాటా లోడు మార్కెట్‌కి బయల్దేరాలి, సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది, బండి లేవదు. పక్కనున్నోళ్లు వెంటనే "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించెయ్" అంటారు. నేనైతే ముందు మీటర్ పెట్టి చూడమంటా.

మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే ఫుల్ చార్జ్. 12 కన్నా తక్కువుంటే ఖాళీ అయిందని అర్థం, పాడైందని కాదు. చార్జ్ పెట్టించి మళ్లీ చూడండి. ఫుల్ చార్జ్ ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందకి పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీ పని అయిపోయినట్టే. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టినా బండి ఇలాగే మొరాయిస్తుంది, అది కూడా చూస్కోండి.

అసలు చెక్ ఇంకోటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 12 దగ్గరే నిలబడితే డైనమోనో, బెల్టో, వైరింగో చూపించుకోవాలి. అది వదిలేసి వేలు పోసి కొత్త బ్యాటరీ వేసినా, అదీ కొద్ది రోజుల్లో పడుకుంటుంది.

సరే, మార్చాల్సిందే అని తేలింది. మాన్యువల్‌లో చెప్పిన ఏహెచ్ కన్నా తక్కువది వద్దు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ, తిప్పడానికి కరెంట్ గట్టిగా కావాలి. పాత బ్యాటరీకి ప్లస్ ఏ వైపుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపుకెళ్లండి. ఒకే సైజులో ప్లస్ ఎడమవైపు ఉన్నదీ, కుడివైపు ఉన్నదీ రెండూ దొరుకుతాయి. తేడా పడితే కేబుల్ అందదు. తయారీ నెల అడగండి, షాపులో ఎక్కువ రోజులు ఊరికే కూర్చున్నది తీసుకోవద్దు. అమరాన్ మన తిరుపతి దగ్గర కంపెనీదే, కానీ అభిమానంతో కాదు, వారంటీ కార్డు చదివి కొనండి. 48 నెలలు అని రాసున్నా అందులో ఫ్రీగా మార్చిచ్చేది ఎన్ని నెలలు, కొంత డబ్బు కట్టాల్సింది ఎన్ని నెలలు, కిరాయి బండికి కూడా అంతే ఇస్తారా అని అడగండి. పాత బ్యాటరీ ఇస్తే రేటు తగ్గుతుంది, మర్చిపోవద్దు.

ఇక బిగించడం. తాళం తీసేయండి, చేతికున్న కడియం, ఉంగరం కూడా తీసేయండి. ముందు మైనస్ విప్పాలి. ఎందుకంటే బండి బాడీ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే, పానా పొరపాటున బాడీకి తగిలిందంటే చాలు, నేరుగా షార్ట్. నిప్పురవ్వలు లేస్తాయి, పానా చేతిలోనే కాలిపోతుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గ్యాస్ అంటుకుంటే బ్యాటరీయే పేలొచ్చు. కొత్తది పెట్టేటప్పుడు రివర్స్: ముందు ప్లస్, చివర్న మైనస్.

కింద పట్టే క్లాంప్ గట్టిగా బిగించండి, గుంతల రోడ్డు మీద ఊగితే లోపల ప్లేట్లు దెబ్బతింటాయి. టెర్మినళ్లకి కొంచెం వాసలిన్ రాయండి. స్టార్ట్ చేసి మళ్లీ మీటర్ పెట్టండి, 14 దగ్గర వస్తే లోడు ఎక్కించుకోవచ్చు. డైనమో బెల్టు సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం, ఉంటా మరి.