యాపిల్ గింజలు లెక్కపెట్టి చూశారా?

యాపిల్‌ని మనమంతా నిలువుగానే కోస్తాం. ఈసారి అడ్డంగా కోసి చూడండి. మధ్యలో ఐదు గదుల నక్షత్రం కనిపిస్తుంది. గదికి రెండు చొప్పున మామూలుగా పది గింజలుండాలి. మూడో నాలుగో ఉండి, కాయ ఒక పక్కకి వంకరపోయిందా? దాని పువ్వుకి పుప్పొడి సరిగ్గా అందకపోవడం అందుకో ముఖ్య కారణం.

హిమాచల్‌లోని సిమ్లా, కులూ, కిన్నౌర్ కొండల్లో బాగా పండే రాయల్ డెలిషస్ తన పుప్పొడితో తాను కాయదు. గోల్డెన్ డెలిషస్ లాంటి వేరే రకం పుప్పొడి కావాలి. అది జిగురుగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. మోసుకొచ్చేది తేనెటీగలు, తుమ్మెదలు, పూల మీద వాలే ఈగలే! పూత ఉండేది కొద్ది రోజులు. అప్పుడు అవి రాకపోతే ఆ ఏడాది కాపు తగ్గినట్టే.

ఒకప్పుడు అక్కడి ఇళ్ళ మట్టిగోడల్లోనే తేనెటీగలకి గూడు కట్టేవారు. బయటికి చిన్న కన్నం, ఇంట్లోకి చెక్కమూత. మూత తీసి ఇంటివాళ్ళు తేనె తీసుకునేవారు. చలిగా ఉన్నా పొద్దున్నే పనిలోకి దిగే దేశవాళీ ఈగలవి. సిమెంటు గోడలొచ్చాయి, పురుగుమందులు పెరిగాయి, 1980లలో ఓ వైరస్ తెగులు ఆ ఈగల్ని తుడిచిపెట్టినంత పని చేసింది. ఇప్పుడు రైతులు పూతకాలంలో తేనెటీగల పెట్టెల్ని అద్దెకి తెచ్చుకుంటున్నారు. చైనాలోని మావోషియన్ కొండల్లోనైతే 1990లలో ఆడామగా చెట్లెక్కి, ఈకల కుంచెలతో పువ్వుపువ్వుకీ పుప్పొడి అద్దారు. ఈగ ఊరికే చేసిపెట్టే పనికి మనిషికి ఎంత శ్రమో చూడండి!

మన పెరట్లోనూ ఇదే సంగతి. గుమ్మడి పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయా? పొద్దున్నే విచ్చిన మగపువ్వుని కోసి, రెక్కలు తీసేసి, అడుగున పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లిగా రుద్దండి. కాయ నిలబడుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. కుండీల్లోని తులసి, కొత్తిమీర, ఆవమొక్కల్ని కొన్నింటినైనా పూతకి వదలండి, తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి. పూత మీద పురుగుమందు కొట్టకండి. మందు పడిన పువ్వు మీద వాలిన ఈగ చచ్చిపోతే, రేపటి కాయ కూడా దానితోనే పోతుంది.